గృహవిద్య: హక్కు ఎవరిది?

మతవిశ్వాసం దృష్ట్యా బిడ్డను బడికి పంపక ఇంటనే చదివించుకొనే హక్కు తల్లిదండ్రులకు చట్టరీత్యా ఉన్నదా? ఇబ్రహీంపట్నంలో ఏ ఇంటనైనా, ముఖ్యంగా ఆడపిల్లల చదువు విషయంలో, తలెత్తగల ఈ ప్రశ్నను మనం శాంతంగా పరిశీలింతము.

రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛను, 30వ అధికరణంలో అల్పసంఖ్యాక వర్గాలు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొనే హక్కును ప్రసాదించింది. అయితే 2002 నాటి 86వ సవరణ 6 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు విద్యను ప్రాథమిక హక్కు గావించి, వారికి చదువుకొనే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని పేర్కొన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 10వ సెక్షను బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించే బాధ్యతను వారిపైనే ఉంచింది. గృహవిద్య హక్కు అని ఆ చట్టం చెప్పలేదు. బడికి పంపనివారికి శిక్షనూ విధించలేదు. 2012 సవరణ మదరసాలను, వేదపాఠశాలలను ఆ చట్టం నుండి మినహాయించింది. అది సంస్థలకే గాని గృహాలకు కాదు.

అమెరికాలో 1972లో సుప్రీంకోర్టు ఆమిష్ మతస్థులకు ఇట్టి వెసులుబాటు నిచ్చింది. కాని ఎనిమిదవ తరగతి ముగిసిన పిమ్మటనే.

కనుక విశ్వాసానికీ విద్యకూ వైరం లేదు. ప్రభుత్వ గుర్తింపు గల ఏ బడీ సంరక్షకుల సమ్మతి లేనిదే బిడ్డను మతబోధకు నిర్బంధించరాదని 28వ అధికరణం అభయమిస్తున్నది. ఖురాన్ పఠనం ఉదయ సాయంత్రాలలో ఇంటనే సాగవచ్చును. చదువు ఆగినవారు 14 ఏండ్లు నిండిన పిమ్మట తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. ధ్రువపత్రం లేని చదువు కళాశాల ద్వారం వద్దనే నిలిచిపోతుంది. హక్కు ప్రధానంగా బిడ్డది. ఈ సంగతిని విద్యార్థులు తమ ఇండ్లలో పెద్దలకు వినయంగా విన్నవించాలని మా ఆకాంక్ష.