రిపోర్టులు నార్మల్‌గా ఉన్నా తగ్గని కడుపు నొప్పి

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర సర్ రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఇప్పటికీ ఉన్నది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న కనుగొన్నారు. అంతకు ముందు రెండేళ్ళు ఎన్ని దోమలను కోసి చూచినా కనబడలేదు. ఆయన చూచినవి వేరే జాతి దోమలు!

ఈ సంగతి ఎందుకంటే, క్లోమగ్రంథి దీర్ఘకాలిక వాపు, అంటే క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ ఉన్నవారికీ ఇటువంటి అనుభవమే ఎదురవుతుంది. భోజనం చేయగానే కడుపు పైభాగాన నొప్పి పుట్టి వీపులోకి పాకుతుంది. ముందుకు వంగి కూర్చుంటే కొంత ఉపశమనం. రిపోర్టులేమో నార్మల్. "నీకేమీ లేదు, అంతా అనుమానం" అంటారు ఇంటివారు. కొన్నాళ్ళకు రోగి నొప్పి సంగతి చెప్పడమే మానేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే.

ఎమిలేజ్, లైపేజ్ అనేవి క్లోమం తయారుచేసే ఎంజైములు. అకస్మాత్తుగా వాపు వచ్చినప్పుడు ఇవి రక్తంలో బాగా పెరుగుతాయి. ఏళ్ళ తరబడి దెబ్బతిని గట్టిపడిన గ్రంథి ఎంజైములను సరిగా తయారుచేయలేదు. కాబట్టి నొప్పి తీవ్రంగా ఉన్నా రక్తపరీక్ష మామూలుగానే రావచ్చు. అల్ట్రాసౌండ్‌లో పేగులలోని గాలి అడ్డువచ్చి గ్రంథి సరిగా కనబడదు. తొలి దశ మార్పులు సి.టి. స్కాన్‌కు కూడా దొరకకపోవచ్చు. అప్పుడు ఎం.ఆర్.సి.పి., ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అవసరమా అని మీ డాక్టరుగారిని అడగండి. పైగా గ్రంథి చుట్టూ ఉన్న నరాలు కూడా మార్పు చెందుతాయి. అందుకే స్కాన్‌లో కనబడే మార్పుకూ నొప్పికీ లెక్క కుదరదు.

అయితే రిపోర్టు నార్మల్ అనగానే ఇది క్లోమం జబ్బే అని మీకు మీరే తేల్చుకోవద్దు. అల్సర్, పిత్తాశయంలో రాళ్ళు కూడా ఇటువంటి నొప్పినే ఇస్తాయి.

ఇంకొక మాట. ఈ జబ్బు అనగానే "తాగుతాడేమో" అనుకోవడం అన్యాయం. దక్షిణ భారతంలో మద్యం ముట్టని యువకులకు, స్త్రీలకు కూడా ఇది వస్తున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు 2002లో ఇటువంటి రోగులలో జన్యు మార్పులను గుర్తించి ప్రచురించారు. ఎవరికైనా సరే, మద్యం, పొగాకు పూర్తిగా మానవలసిందే. గుట్కా, జర్దా కూడా పొగాకే.

మలం జిడ్డుగా, దుర్వాసనతో నీళ్ళపై తేలుతూ ఉంటే కొవ్వు అరగడం లేదని అర్థం. ఎంజైము తయారీ సుమారు 90 శాతం తగ్గేదాకా ఈ లక్షణం పైకి కనబడదు. డాక్టరు ఎంజైము కాప్సూల్స్ రాస్తే తిండి మొదటి ముద్దలతోనే వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే ఫలితం ఉండదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. నూనె మొత్తంగా మానేసి చిక్కిపోవడం కూడా మంచిది కాదు. కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు తినండి. అప్పుడప్పుడు షుగర్ పరీక్ష చేయించుకోండి. నొప్పి బిళ్ళలు సొంతంగా కొని వాడవద్దు.

ఆగని వాంతులు, జ్వరం, కళ్ళు పచ్చబడడం, బరువు తగ్గిపోవడం కనబడితే ఆలస్యం చేయక ఆస్పత్రికి రండి. మిగతా రోజులలో ఒక నోటుబుక్కులో ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు నొప్పి వచ్చిందో, ఎంతసేపు ఉన్నదో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో రాయండి. పాత రిపోర్టులతోపాటు ఆ పుస్తకాన్ని కూడా డాక్టరుగారి ముందు పెట్టండి. వీలైతే ఇంటివారిలో ఒకరిని వెంటబెట్టుకొని రండి.