ఉబుంటులో మెయిళ్లు రావడం లేదా?

ప్రశ్న: లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. ఉబుంటు కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ పెట్టాం. జీమెయిల్ పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా ఆర్డర్ల మెయిళ్లు రావడం లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, పాతబస్తీ

జవాబు: బయటి మెయిల్ ప్రోగ్రాముల్లో ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ కానివ్వడాన్ని గూగుల్ ఆపేసింది. మీ ఇబ్బందికి చాలావరకు కారణం ఇదే.

థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరవండి. సర్వర్ పేరు ‘ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్’, పోర్టు 993, భద్రత ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ ఉండాలి. ఆథెంటికేషన్ మెథడ్‌లో ‘ఓఆథ్2’ ఎంచుకుని, థండర్‌బర్డ్‌ను మూసి మళ్లీ తెరవండి. గూగుల్ పేజీ వస్తే లాగినై అనుమతి ఇవ్వండి.

ఖాతాను ‘పాప్’గా పెట్టి ఉంటే ‘ఐమ్యాప్’గా మళ్లీ జోడించండి. ఫోన్లోనూ దుకాణంలోనూ అవే మెయిళ్లు కనిపిస్తాయి. పాతదాన్ని వెంటనే తీసేయకండి. దిగిన మెయిళ్లు అందులోనే ఉండొచ్చు.

అప్పటికీ రాకపోతే ఉబుంటు తెలిసినవారికి కంప్యూటర్ చూపించండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం మీరే కొట్టండి.