నాలుగు స్వరముల రాగము

రాగమునకుఁ గనీసము అయిదు స్వరములు కావలెనని సంగీతవేత్తల మతము. నాలుగింటితోనే రాగములు కల్పించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిని గూర్చి మనము నేర్చుకొందము.

వీరు 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తమున జనించిరి. శైశవముననే తల్లి గతింపఁగా, తండ్రి పట్టాభిరామయ్యగారు పెంచి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారియొద్ద శిష్యునిగాఁ జేర్చిరి. కౌమారముననే 72 మేళకర్త రాగములయందును కృతులు రచించిరి. అవి 1952లో ‘జనకరాగమంజరి’ యను పేర వెలువడెను.

పిమ్మట స, రి, మ, ధలతో లవంగిని, స, గ, ప, నిలతో మహతిని కల్పించిరి. కొందఱు విద్వాంసు లాక్షేపించిరి. వీరు వెనుదీయక ఆ రాగములయందుఁ గృతులు రచించి పాడిరి. 2016లో పరమపదించునాఁటికి వీరి కృతులు 400కు మించెను.

హార్మోనియముపై ఆ నాలుగు స్వరములను నొక్కి వినుఁడు. మేము మీకుఁ జెప్పునది యొక్కటే: నాలుగింటితోఁ దృప్తినొందినవారు ముందుగా డెబ్బదిరెండును సాధించిరి. నియమము నెఱిఁగినవానికే దానిని దాఁటు నధికారము.