చాసిస్ నంబరు చూడనిదే బయానా ఇయ్యకు

ముత్యంపేట

చిరంజీవి చిన్నోనికి నీ పెద్దబాపు దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. హైదరాబాదుల ఎవలో పాత ఎస్టీమ్ కారు మీద ఫెరారీ రూపం కట్టి సగంల ఆపిండని, ఫైబర్ బాడీ అయిపోయిందని, ఇంక రంగు, సీట్లు, వైరింగే మిగిలినయని అమ్మేటాయన చెప్తున్నడని, ఈ వారంలనే బయానా పంపుదామనుకుంటున్ననని రాసినవు. నీ మోజును నేను తప్పు పట్ట. దుబాయి ఎండల కూడవెట్టిన పైసలు, నీకు నచ్చినదానికి పెట్టే హక్కు నీకున్నది. నేను చెప్పేది ఒక్కటే. ఇసొంటి బండి కొన్నప్పుడు నీ చేతికి వచ్చేది ఫెరారీ కాదు, దాని కింద ఉన్న పాత ఎస్టీమ్, దాని ఆర్సీ. ఆ రెండూ సక్కగ లేకుంటే పైన ఎన్ని లక్షలు పోసినా అది రోడ్డెక్కే బండి కాదు.

ముందుగాల ఆర్సీ తెప్పించుకోని బండి ఫొటో పక్కన పెట్టి చూడు. బాడీ ఏ రకం, సీట్లెన్ని, రంగేంది, ఖాళీ బరువెంత అన్నీ అండ్ల ఉంటయి. ఎస్టీమ్ అంటే ఐదు సీట్ల కారు, నువ్వు కొంటనంటున్నది రెండు సీట్లది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తున్నది. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ అదే ఖాయం చేసింది. రంగు మార్చుకోవచ్చు, ఆర్టీవో ఆఫీసుల అనుమతి తీసుకోని అదే రకం ఇంజన్ వేసుకోవచ్చు, బండి రూపమే మార్చుడు కుదరది. అదే ఏడు చట్టాన్ని సవరించి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేకుంటే 6 నెలల దాక జైలు, లేదా రెండూ అని పెట్టిన్రు. ఇంకో లెక్క చూడు. ఎస్టీమ్ తయారీ 2007 ప్రాంతంలనే ఆగింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు నడుస్తది, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. అంటే ఆ బండిని ఎప్పటికైనా ఇన్‌స్పెక్టర్ ముందల నిలబెట్టక తప్పదు.

ఇగ చాసిస్ నంబరు సంగతి. నమ్మకమున్న దోస్తును పంపి, నంబరు కొట్టిన జాగల తెల్లకాయితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దిపించి ఆ అచ్చు తెప్పించుకో. ఆర్సీతోని అక్షరం అక్షరం కలిపి చూడు. అంకెలన్నీ ఒక్క ఎత్తుల, ఒక్క లోతుల ఉన్నయా? చుట్టుపక్కల గ్రైండర్ గీతలున్నయా? ఆ జానెడు జాగకే కొత్త రంగు కొట్టిన్రా? రేకు ముక్క కోసి అతికినట్టు వెల్డింగ్ వరుస కనబడుతున్నదా? దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, 2020 డిసెంబరుల ముంబయి పోలీసులు పేరున్న చోట తయారైన ఒక స్పోర్ట్స్ కారు పట్టుకోని, ఒకే ఇంజన్, చాసిస్ నంబర్లతోని రెండు బండ్లు వేరే వేరే రాష్ట్రాల్ల రిజిస్టర్ అయినయని కేసు పెట్టిన్రు. అంత పేరున్న చోట తయారైన కారుకే గట్లయితే, సందుల షెడ్డుల కట్టినదానికి పూచీ ఎవలు? తుక్కుకు పోయిన కారు నంబరు దొంగబండికి ఎక్కినా, రేపు స్టేషన్ల జవాబు చెప్పేది ఆర్సీ మీద పేరున్నోడే. బెదిరిస్తున్న అనుకోకు బిడ్డా. సెలవు మీద ఇంటికొచ్చే ఆ నాలుగు వారాలు నువ్వు మీ అమ్మ చేతి బువ్వ తినాలె గని ఆఫీసుల చుట్టు తిరగొద్దు.

కాయితాలు సక్కగున్నా కింది రేకు చూడకుండ ఒప్పుకోకు. ఎస్టీమ్‌కు లారీ లెక్క విడి చాసిస్ ఉండది. టాపు, స్తంభాలు, ఫ్లోరు కలిస్తేనే దానికి బలం. టాపు కోసి, నడుమ పొడుగు పెంచి అతికితే ఆ బలం పోతది, పైన వేసిన ఫైబర్ దాన్ని తిరిగి తేది. విదేశాల్ల పాత బీటిల్ మీద పోర్షె స్పీడ్‌స్టర్ రూపాలు గన్ని వచ్చుటానికి కారణం కూడ ఇదే: బీటిల్ బాడీ విప్పినా కింద ఫ్లోరు విడిగ నిలబడుతది. ఇంకోటి, పాత పెట్రోల్ పైపులు ఇప్పటి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు చేసినవి కావు. పైపు పగిలి కొత్త వైరింగ్ కాడ నిప్పు లేస్తే ఫైబర్‌ల ఉన్న రెజిన్ అంటుకుంటది. గందుకే వైరింగ్ చిన్న పని అన్నోని మాట నమ్మకు.

బహదూర్‌పురా సుధా కార్స్ మ్యూజియంల చేత్తోని కట్టిన కార్లు లేవా అంటవు. ఉన్నయి, 2010 సంది జనం చూస్తున్నరు, మెచ్చుకోవాల్సిన పనితనమే. కని అవి చూపెట్టుటానికి కట్టినవి, జగిత్యాల రోడ్డు మీద రోజూ తిరుగుటానికి కాదు. ఇంగ్లండుల ఇంట్ల కట్టుకున్న కారును రోడ్డెక్కిస్తరు కదా అంటవు. అక్కడ ఒక్క బండిని పట్టుకపోయినా పరీక్ష చేసే పద్ధతి ఉన్నది. మన దగ్గర కొత్త నమూనాను పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థల పాస్ చేయించుడు కంపెనీలకైతదిగని నీ అసొంటోనికి కాదు. ఎందరో తిప్పుతున్నరు, ఎవలూ పట్టుకుంటలేరు అంటవు. పట్టుకోకపోవచ్చు. కని మెట్‌పల్లి రోడ్డు మీద ఎవలికన్న తగిలిననాడు ఇన్సూరెన్సోళ్లు మొదలు అడిగేది బండికి, ఆర్సీకి పొత్తు ఉన్నదా అనే. ఎదుటోని పానం కూడ నీ పానమంతదే కదా.

అట్లని మోజు చంపుకోమని చెప్తలేను. రెండు సీట్లు, ఫైబర్ బాడీయే కావాలంటే 1998 ప్రాంతంల మన దేశంలనే తయారైన శాన్ స్టార్మ్ ఉన్నది. దాని ఇంజన్ రెనోది, 1.2 లీటర్లు. వెతికితే ఒకటన్న దొరుకకపోదు. సామాన్లకు తిప్పలైతది, కని దాని ఆర్సీ దాని రూపాన్నే చెప్తది, గందుకే నువ్వు పెట్టే ప్రతి రూపాయి నిలుస్తది. అయినా నాకు ఆ ఫెరారీ రూపమే కావాలంటవా, అది రోడ్డు కోసం కాదు, షెడ్డుల పని నేర్చుకునుటానికని మనసుల ఖాయం చేసుకోని, ఆ ధరకే అడుగు.

ఆర్సీ నకలు, పెన్సిల్ అచ్చు, కింది రేకు ఫొటోలు, ఈ మూడు అమ్మేటాయనను అడుగు. ఇచ్చిండా, నాకు పంపు, నేనే జగిత్యాల ఆర్టీవో ఆఫీసుకు పోయి కనుక్కుంట. ఇయ్యనన్నడా, బేరం అక్కడికే ఇడిసిపెట్టు. ఎండకు పైలం, ఏళకు తిను.

నీ పెద్దబాపు