రెండు కంపెనీలు ఒకటైతే కమిషన్ ఏమి చూస్తుంది?

ఒక పెద్ద కంపెనీ మరొక కంపెనీని కొనబోతున్నదని పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా కామర్స్ విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, డబ్బు వాళ్ళది, కంపెనీ వాళ్ళది. మధ్యలో ప్రభుత్వ అనుమతి దేనికి?" ప్రశ్న న్యాయమైనదే. దీని జవాబు బి.కాం., సి.ఎస్., లా పరీక్షలు రాసే పిల్లలకే కాదు, నెలనెలా మందుల షాపుకు వెళ్ళే తల్లిదండ్రులకు కూడా పనికివస్తుంది.

చట్టం

మన దేశంలో 1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం స్థానంలో కాంపిటీషన్ చట్టం, 2002 వచ్చింది. పాత చట్టం కంపెనీ పెద్దదైతే చాలు అనుమానంగా చూసేది. కొత్త చట్టం పెద్దతనాన్ని తప్పుపట్టదు. పోటీ దెబ్బతింటుందా అన్నదే దాని ప్రశ్న. దీనిని అమలు చేసేది ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. విలీనాలకు సంబంధించిన 5, 6 సెక్షన్లు 2011 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ప్రతి చిన్న కొనుగోలూ కమిషన్ ముందుకు వెళ్ళనక్కరలేదు. ఆస్తులు, టర్నోవరు నిర్ణీత పరిమితి దాటిన వాటికే ఈ నియమం. 2024 సెప్టెంబరు 10 నుంచి మరొక పరిమితి చేరింది. ఒప్పందం విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, అమ్ముడుపోయే సంస్థకు మన దేశంలో చెప్పుకోదగిన వ్యాపారం ఉంటే కమిషన్‌కు తెలియజేయాలి. అనుమతి వచ్చేదాకా విలీనం పూర్తి చేయకూడదు.

విచారణలో మెట్లు

1. కంపెనీలు తమ సరుకులు, అమ్మకాలు, పోటీదారుల వివరాలతో దరఖాస్తు ఇస్తాయి.

2. కమిషన్ 30 రోజులలో ప్రాథమిక అభిప్రాయానికి వస్తుంది. భయపడవలసినది లేకపోతే ఇక్కడే అనుమతి లభిస్తుంది.

3. అనుమానం ఉంటే కంపెనీలకు నోటీసు ఇచ్చి, రెండవ దశ విచారణ జరుపుతుంది. విలీనం వివరాలు ప్రకటించి, ప్రజల అభిప్రాయాలు కూడా కోరుతుంది.

4. చివరకు అనుమతించవచ్చు, షరతులతో అనుమతించవచ్చు, లేదా తిరస్కరించవచ్చు. మొత్తం గడువు ఇప్పుడు 150 రోజులు.

అసలు కీలకం: మార్కెట్ ఏది?

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక కంపెనీ వాటా ఎంత అని అడిగే ముందు, ఏ మార్కెట్‌లో వాటా అని అడగాలి. ఒక సరుకు ధర పెరిగితే కొనేవాడు దాని బదులు దేనికి మళ్ళగలడు, ఎంత దూరం వెళ్ళగలడు అన్నదే మార్కెట్‌కు హద్దు. బరంపురంలో ఉన్న సినిమా హాళ్ళన్నీ ఒకే యజమాని చేతికి వచ్చాయనుకోండి. బెంగళూరులో వంద హాళ్ళున్నా బరంపురం ప్రేక్షకుడికి ఒరిగేదేమిటి?

దీనికి మంచి ఉదాహరణ సన్ ఫార్మా - రాన్‌బాక్సీ విలీనం. 2014 ఏప్రిల్‌లో ప్రకటించిన ఈ ఒప్పందం మన దేశంలో రెండవ దశ విచారణకు వెళ్ళిన మొదటి కేసు. రెండూ పెద్ద కంపెనీలే అయినా, మొత్తం మందుల అమ్మకాలలో ఇద్దరి వాటా కలిపినా పదో వంతుకు లోపే. అయితే కమిషన్ అక్కడితో ఆగలేదు. కొలెస్ట్రాల్ మందు కావలసిన రోగికి దగ్గు మందు ఎంత చవకగా దొరికితే ఏం లాభం? డాక్టరు ఏ మందు రాస్తే రోగి దానినే కొనాలి. అందుకే ఒక్కొక్క ఔషధ మూలకాన్నీ, లేదా కలిపి ఇచ్చే మూలకాల జంటనూ ఒక్కొక్క మార్కెట్‌గా తీసుకొని లెక్క చూసింది. అలా చూస్తే కొన్ని మందులలో ఈ ఇద్దరే ప్రధాన పోటీదారులని తేలింది.

2014 డిసెంబరు 5న కమిషన్ షరతుతో అనుమతి ఇచ్చింది. పోటీ తగ్గే ఏడు మందుల వ్యాపారాన్ని ఈ రెండు కంపెనీలతో సంబంధం లేని వేరొకరికి అమ్మివేయాలి. ప్రోస్టేట్ సమస్యకు వాడే సన్ వారి టామ్‌లెట్, కొలెస్ట్రాల్‌కు వాడే రాన్‌బాక్సీ వారి రోసువాస్ ఈజడ్ వాటిలో ఉన్నాయి. అమ్మకం వల్ల ఆ మందులలో ఇద్దరు ఒక్కరైపోకుండా, రెండవ పోటీదారు మిగిలాడు. విలీనమూ ఆగలేదు, రోగికి ఉన్న ఎంపికా పోలేదు.

ఒక చిన్న లెక్క

మార్కెట్ ఎంతమంది చేతిలో ఉందో కొలవడానికి హెర్ఫిన్‌డాల్-హిర్ష్‌మన్ సూచిక వాడతారు. ప్రతి కంపెనీ వాటా శాతాన్ని వర్గం చేసి కూడాలి. నాలుగు కంపెనీల వాటాలు 40, 30, 20, 10 అనుకోండి. 1600 + 900 + 400 + 100 = 3000. చివరి రెండూ కలిసి 30 శాతం అయితే, 1600 + 900 + 900 = 3400. పెరుగుదల 400. ఆ రెండు వాటాలను గుణించి రెట్టింపు చేసినా (2 × 20 × 10) ఇదే వస్తుంది. పరీక్షలో సరిచూసుకోవడానికి ఇది సులువు.

అయితే ఈ అంకె ఒక హెచ్చరిక మాత్రమే, తీర్పు కాదు. కొత్తవారు ఆ వ్యాపారంలోకి సులభంగా రాగలరా, దిగుమతులున్నాయా, విలీనం వల్ల నిజంగా ఖర్చు తగ్గుతుందా, కొనబోయే కంపెనీ ఇప్పటికే మూతపడే స్థితిలో ఉందా అన్నవి కూడా కమిషన్ తూచి చూస్తుంది. దాని తీర్పు నచ్చనివారు ఎన్.సి.ఎల్.ఎ.టి.కి, ఆ తరువాత సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చు.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

కమిషన్ ఉత్తర్వులు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గైడు పుస్తకం పక్కన పెట్టి ఒక్క ఉత్తర్వు చదవండి. నా అనుభవంలో పది పేజీల నోట్సు కన్నా అది ఎక్కువ నేర్పుతుంది. లా, ఎకనామిక్స్ వంటివి చదివే పిల్లలకు కమిషన్‌లో ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా ఉంది. ఈ చదువులకు భవిష్యత్తు ఏముందని సందేహించే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించగలరు.

అభ్యాసం

1. వాటాలు 35, 25, 25, 15. చివరి రెండు కంపెనీలు కలిస్తే సూచిక ఎంత పెరుగుతుంది?

2. మీ ఊరిలో ఏ రెండు వ్యాపారాలు కలిస్తే మీ ఇంటికి మరో దారి లేకుండా పోతుంది? మార్కెట్ హద్దు చెప్పి, కారణం రాయండి.

మొదటిదానికి జవాబు 750. రెండవదానికి జవాబు ఇంట్లో అందరూ కూర్చుని వెతకవలసినదే.