చైనా వంకాయ వేపుడు నూనె తాగకుండా…

ప్రశ్న: సిచువాన్ పద్ధతిలో కారంగా వంకాయ వేపుడు చేస్తే ముక్కలు నూనె పీల్చేసి ముద్దయిపోతున్నాయి. అక్కడి కారం ముద్ద కూడా దొరకడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నేరేడ్‌మెట్

జవాబు: తప్పు వంకాయది, మీ చేతిది కాదండీ. దాని కండ నిండా గాలి గదులే. వేడికి గాలి పోయిన చోటల్లా నూనె చేరుతుంది. గుత్తి వంకాయకు కొనే గుండ్రటివి వద్దు, గింజ ముదరని పొడుగు వంకాయలు తీసుకోండి. వేలెడంత ముక్కలు కోసి, ఉప్పు పట్టించి 20 నిమిషాలు ఉంచండి. నీరు పిండేసి గుడ్డతో తుడవండి. ఆవిరి మీద ఉడికిస్తే నూనె ఇంకా తక్కువ పడుతుంది గానీ, తొక్క రంగు మాసిపోతుంది. ఇంటి పొయ్యికి హోటల్ మంట రాదు కాబట్టి కొద్దికొద్దిగా, పెద్ద మంట మీదే వేయించి తీసేయండి.

మీరడిగిన ముద్ద దోబాన్‌జియాంగ్. మిరపకాయలు, ఒక రకం చిక్కుడు గింజలు కలిపి పులియబెట్టి చేస్తారు. మనింట్లో దానికి దగ్గర చుట్టం పండుమిర్చి పచ్చడి. అల్లం, వెల్లుల్లి తరుగు వేగాక ఒక చెంచా పచ్చడి, ఒక చెంచా సోయా సాస్, అర చెంచా పంచదార వేయండి. పచ్చడిలో చింతపండు లేకపోతేనే కాస్త వెనిగర్ వేయండి. అర చెంచా కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి పోసి, చిక్కబడగానే ముక్కలు వేసి దించేయండి. మళ్లీ ఉప్పు వేయకండి, సోయాలో ఉన్నదే ఎక్కువ. వేడన్నంలోకి బాగుంటుంది, చపాతీలోకి మాత్రం నప్పదు.