నాచు నూనె: లెక్క తేల్చేది నీరే

సూక్ష్మ నాచు నుండి డీజిల్ తీయవచ్చుననే మాట నూనె వర్తకులకు కొత్త కాదు. తీయవచ్చును, సందేహం లేదు. గిట్టుబాటు అవుతుందా అన్నదే ప్రశ్న.

గింజకూ నాచుకూ తేడా

వేరుశెనగ పప్పులో నూనె నూటికి 45 నుండి 50 పాళ్ళు. రైతు కాయను ఎండబెట్టిన తరువాతే అది మిల్లుకు చేరుతుంది. నాచు సంగతి వేరు. చెరువులో లీటరు నీటికి ఎండు లెక్కన అర గ్రాము నాచు పెరిగితే, కిలో సరుకుకు 2,000 లీటర్ల నీటిని వేరుచేయాలి. క్లోరెల్లా వంటి రకాలకు గుడ్డ వడపోత పనికిరాదు. పటిక వంటివి కలిపి అడుగుకు దించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. అప్పటికీ చేతికి వచ్చేది నూటికి 80 పాళ్ళు నీరున్న ముద్దే.

వేడి లెక్క

ఆ ముద్దలో కిలో ఎండు నాచుకు 4 కిలోల నీరుంటుంది. 30 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి కిలోకు సుమారు 610 కిలోకేలరీల వేడి కావాలి, మొత్తం 2,440. నాచులో నూనె నూటికి 25 పాళ్ళనుకుంటే దక్కేది పావుకిలో. దానిని మండిస్తే వచ్చేది సుమారు 2,250. అంటే ఆరబెట్టడానికే నూనె అంతా చెల్లు! గట్టి కణాలను చితకగొట్టే మర, నూనె లాగే హెక్సేన్, డీజిల్‌గా మార్చే మెథనాల్ ఖర్చులు దీనికి అదనం.

ఎండలో ఆరబెట్టవచ్చు గాని, పలుచగా పరచడానికి విస్తారమైన స్థలం కావాలి; ఆలస్యమైతే సరుకు చెడుతుంది. తడి ముద్దనే 300 డిగ్రీలకు పైబడిన వేడిలో, అధిక ఒత్తిడిలో ముడినూనెగా మార్చే పద్ధతి ఉన్నది. అందుకు ఖరీదైన యంత్రాలు కావాలి.

అనుభవం

అమెరికా ప్రభుత్వం 1978లో చేపట్టిన నాచు ఇంధన పరిశోధనను 1996లో ముగించింది. ఎక్సాన్‌మొబిల్ కంపెనీ 2009లో 60 కోట్ల డాలర్ల వరకు వెచ్చిస్తామని ప్రకటించి, 2023 నాటికి తప్పుకున్నది. నిలదొక్కుకున్నవి స్పిరులినా పొడి, బీటా కెరోటిన్, చేపనూనెకు బదులు వాడే డీహెచ్ఏ నూనె వంటి సరుకులే. వాటికి పలికే ధర డీజిల్‌కు పలకదు.

కనుక నాచు నూనె పథకం ముందుకు వచ్చినపుడు నూనె శాతం ఒక్కటే చూడరాదు. ముద్దలో తేమ ఎంత, ఆరబెట్టే వేడి ఎక్కడిది, మిగిలిన పిండిని కొనేదెవరు? ఈ మూడూ తేలిన తరువాతే పెట్టుబడి మాట.